అటక మీది పైపు, పంజాగుట్ట దాకా

గురువారం ఉదయం ఆరూ పదికి విజయవాడలో బండెక్కాను. సెకండ్ సిటింగ్ టికెట్టు ముందు రాత్రే చేయించుకున్నాను కాబట్టి కిటికీ పక్క సీటే దొరికింది. సామాను ఒకటే. బియ్యం సంచిలో చుట్టి పురికొసతో కట్టిన ఇనుప పైపు. ఏడెనిమిది కిలోలుంటుంది. రెండుచోట్ల వంకర తిరిగి ఉండడం వల్ల ఎలా పెట్టినా పక్కవాళ్ళ మోకాలికి తగులుతుంది. పై అరలో పెడితే దొర్లి ఎవరి నెత్తిన పడుతుందోనని కాళ్ళ మధ్యే పెట్టుకుని కూర్చున్నాను.

ఈ ప్రయాణం ఎందుకో ముందే చెప్పేస్తాను. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. నాలుగేళ్ళ క్రితం, వయసుకు తగని మోజుతో, ఒక సెకండ్‌హ్యాండ్ టర్బో సెడాన్ కొన్నాను. కంపెనీ నుంచే జోరుగా వచ్చిన కారు. నాకది చాల్లేదు. అమీర్‌పేటలో యాదగిరి అనే మెకానిక్ ఇలాంటి కార్ల జోరు పెంచుతాడని విని తీసుకెళ్ళాను. టర్బో నుంచి పొగ బయటికి పోయే పైపు తీసేసి లావుపాటిది వేశాడు. ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లో లెక్కలు మార్చాడు. ఆ లెక్కల్నే వాళ్ళు మ్యాప్ అంటారు. నా కారులో రెండు మ్యాపులు పెట్టాడు. ఒకటోది కంపెనీది లాంటిదే, బుద్ధిగా నడుస్తుంది. రెండోది మన సరదాకి. స్టీరింగ్ మీది క్రూయిజ్ బటన్, అంటే కాలు తీసినా కారు ఒకే వేగంతో పోయేలా చేసేది, ఐదు సెకన్లు నొక్కిపెడితే ఒకటి నుంచి రెండుకు మారుతుంది. మీటర్‌లో ముల్లు ఒక్కసారి లేచి పడుతుంది, అదే గుర్తు. తెలియని మనిషికి అదేమిటో అంతుపట్టదు.

ఈ పిచ్చి ఉన్నవాళ్ళకు ఒక ఆచారం ఉంది. ఊడదీసిన కంపెనీ సామాను పారెయ్యరు. అటక మీద దాచిపెట్టి, కారు అమ్మేముందు మళ్ళీ బిగించి, మ్యాప్ చెరిపించి ఇస్తారు. పైపు నేనూ దాచాను. కానీ కిందటేడు కారు అమ్మినప్పుడు మిగతా పని చెయ్యలేదు. సగం బద్ధకం. మిగతా సగం చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. అంత ముచ్చటపడి చేయించుకున్నదాన్ని చెరిపెయ్యడానికి మనసొప్పలేదు. ఒకటో మ్యాప్ మీద ఉంచి, “కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే ఉందండీ” అని తాళాలిచ్చేశాను.

కొన్నది మా ఎదురు ఫ్లాటు ప్రసాద్ గారు. బ్యాంకు ఆఫీసరు. స్కూటరు మీద ఇండికేటరు వేసి, అది చాలదన్నట్టు చెయ్యి కూడా చూపించే మనిషి. కారు కొన్న రెండు నెలలకే బదిలీ అయి హైదరాబాదు మధురానగర్‌లో కాపురం పెట్టారు. తొమ్మిది రోజుల క్రితం, వానలో, పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద ఆ కారు జారి గోడకు గుద్దుకుంది. ఆయనకు గీతలే. పక్క సీట్లో ఉన్న భార్య సుజాత గారికి తుంటి, ఎడమకాలు విరిగాయి. మళ్ళీ మామూలుగా నడుస్తుందా అంటే డాక్టర్లు ఇంకా ఏమీ చెప్పడం లేదట. కారు రిపేరుకు ఎక్కడ ఇవ్వాలని ప్రసాద్ గారు ఫోన్ చేస్తే యాదగిరి షెడ్డు పేరు నేనే చెప్పాను. బుధవారం యాదగిరి ఫోన్ చేశాడు.

“అన్న, రేపు కాదు ఎల్లుండి ఇన్సూరెన్స్ సర్వేయర్ వస్తుండు. నీ పాత పైపు పట్టుకొని రా. బిగిచ్చేస్త. మ్యాప్ సుత తీసేస్త. ఫికర్ చెయ్యకు.”

అందుకే ఈ పైపు. ఆ మార్పులు సర్వేయర్ కంటపడితే ఇన్సూరెన్స్ డబ్బు ఆగిపోతుంది, చేయించిందెవరన్న ప్రశ్న నా దాకా వస్తుంది. బండిలో కూర్చున్నంతసేపూ నా ఆశ ఒక్కటే. గుద్దుకున్నప్పుడు కారు ఒకటో మ్యాప్ మీదే ఉండి ఉండాలి. అలా అయితే తప్పు వానది, లేదంటే ప్రసాద్ గారిది. నాది మాత్రం కాదు.

ఎనిమిదింటికి ఖమ్మం. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ పొట్లం నలభై రూపాయలు, చట్నీ ఉత్త నీళ్ళు. అక్కడ ఎక్కిన పెద్దాయన నా ఎదురుగా కూర్చుని, సంచిని కాలితో కదిపి చూశాడు.

“ఏందిది, బోరు పైపా?” అన్నాడు.

అవునన్నాను. చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

“నీళ్ళు పడ్డయా మరి?”

“ఇంకా తెలియదండీ.”

ఆయన తలూపి, తన చేలో వేసిన మూడు బోర్ల సంగతి వరంగల్ దాకా చెప్పాడు. మూడూ ఎండినవే. నేను ఊ కొడుతూ కూర్చున్నాను. ఇంకొకప్పుడైతే ఆ మాటలకు బాధపడేవాణ్ణి.

సికింద్రాబాద్ చేరేసరికి పన్నెండు కావస్తోంది, ఇరవై నిమిషాలు ఆలస్యం. మెట్రోలో పోదామని మెట్లెక్కాను. స్కానరు దగ్గర సెక్యూరిటీ ఆమె సంచి విప్పించింది. మసి పట్టిన పైపును చూసి నా ముఖం వంక చూసింది. “గిది లోపలికి రానియ్యరు సార్, ఆటోల పోండ్రి” అంది. మళ్ళీ పురికొస కట్టుకుని కిందికి దిగాను. అమీర్‌పేటకు ఆటో రెండొందల ఎనభై. ఆ దారిలో ఎవరైనా బరువైన ఇనుప సామానుతో వెళ్ళేవాళ్ళుంటే మెట్లెక్కి దిగే శ్రమ పెట్టుకోవద్దు.

యాదగిరి షెడ్డు మెయిన్ రోడ్డు వెనక, హాస్టళ్ళ మధ్య సందులో ఉంటుంది. నాలుగేళ్ళ క్రితం ఈ సందులోకి పెళ్ళికొడుకులా వచ్చాను. ఈసారి కారు నాకంటే ముందే వచ్చి ఉంది. ఎడమవైపు తలుపు లోపలికి నొక్కుకుపోయి సీటును తాకుతోంది. కాళ్ళ దగ్గర ఆడవాళ్ళ చెప్పు ఒకటే ఉంది. రెండోది కనబడలేదు. సీటు మీద మల్లెపూలు ఎండి నల్లబడ్డాయి. వాటిని ఎవరూ తియ్యలేదు.

యాదగిరి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఎప్పుడూ నవ్వే మనిషి, ఈసారి నవ్వలేదు. లాప్‌టాప్ బానెట్ మీద పెట్టి, స్టీరింగ్ కింద వైరు గుచ్చి, చాలాసేపు తెర వంక చూశాడు. నేను అతని ముఖం వంకే చూస్తున్నాను.

“అన్న,” అన్నాడు చివరికి, “బండి రెండో మ్యాప్ మీదనే ఉన్నది.”

అక్కడున్న టైరు మీద కూర్చున్నాను. వానలో, ఫ్లైఓవర్ మీద, ప్రసాద్ గారు మామూలుగా తొక్కినంతే తొక్కి ఉంటారు. కారు మాత్రం నేను కోరి చేయించుకున్నంత దూకింది.

“అమ్మేటప్పుడు తీపిచ్చుకో అని నీకు ఆరోజే చెప్పిన గదా,” అన్నాడు యాదగిరి. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “పైపు ఇప్పుడే బిగిస్త. మ్యాప్ మాత్రం నువ్వు ఫోన్ చేసి చెప్పినంకనే తీస్త. ఒక్కసారి తీసినంక రెండోది ఉండేనన్న నిశాని ఉండది. నీకు, నాకు తప్ప ఎవ్వరికి ఎరుక ఉండది. జర సోంచాయించు.”

మధ్యాహ్నం ఒకటిన్నరకు దగ్గర్లోని మెస్సులో భోజనం టోకెను తీసుకున్నాను. పప్పు కలిపి రెండు ముద్దలు తిని లేచాను. సుజాత గారున్న ఆసుపత్రి పంజాగుట్టలో, అమీర్‌పేట నుంచి మెట్రోలో ఒకటే స్టేషను. సంచి లేదు కాబట్టి ఈసారి స్కానరు దగ్గర నన్నెవరూ ఆపలేదు.

ఆసుపత్రిలో చూడనిచ్చే వేళ మూడు నుంచి నాలుగు. ప్రసాద్ గారు వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. గడ్డం మాసిపోయింది. నన్ను చూసి లేచి రెండు చేతులూ పట్టుకున్నారు.

“మాస్టారూ, మీరెందుకండీ ఇంత దూరం శ్రమపడి...”

ఏదో అన్నాను. ఆయనకు మాట్లాడే మనిషి దొరికి చాలా రోజులైనట్టుంది. గొంతు తగ్గించి చెప్పుకుపోయారు.

“సుజాత నాతో మాట్లాడటం లేదండీ. తొమ్మిది రోజులు. నర్సుతో మాట్లాడుతుంది, ఆయాతో మాట్లాడుతుంది, నా వంక చూడదు. నా చేత్తో నీళ్ళు కూడా తాగదు. నేను కుర్రాడిలా జోరు చూపించబోయానని దాని బాధ. బస్సును దాటుదామని మామూలుగానే తొక్కాను మాస్టారూ. ఒట్టు. ఎవరూ నమ్మరు. పోలీసులూ నవ్వారు. ఇప్పుడు నాకే అనుమానంగా ఉంది.”

తర్వాత, ఆ మాటకూ ఈ మాటకూ సంబంధం లేనట్టు, “ఆ పొద్దునే ఔటర్ మీద క్రూయిజ్ నేర్చుకుందామని బటన్లన్నీ నొక్కి చూశానండీ. మీటర్‌లో ముల్లేదో ఎగిరిపడింది. పాడుచేశానేమోనని వదిలేశాను,” అన్నారు.

అక్కడే చెప్పేసి ఉండాల్సింది. బెంచీ మీద మేమిద్దరమే ఉన్నాం. నోరు తెరిచాను కూడా. ఇంతలో నర్సు వచ్చి లోపలికి వెళ్ళమంది.

సుజాత గారు మంచం మీద ఉంది, కాలు పైకి కట్టారు. మనిషి సగమైంది. మా ఇంట్లో జ్వరాలొస్తే రసం గిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళే మనిషి. నన్ను చూసి లేవబోయి, నొప్పికి మళ్ళీ వాలిపోయింది. భర్త అవతలివైపు నిలబడితే తల ఇటు తిప్పుకుంది.

“అన్నయ్యగారూ, మీరు వచ్చారు కాబట్టి అడుగుతాను,” అంది. “మీరు మూడేళ్ళు నడిపారు కదా ఈ కారు. మీకెప్పుడైనా ఇలా చేసిందా? దానంతటది దూకిందా?”

ప్రసాద్ గారు నా వంక చూశారు. ఆయన చూపులో అనుమానం లేదు. ఆశ ఉంది. ఒక్క మాట సాయం చెయ్యమన్నట్టు చూశారు.

భయపడ్డాను. ఆ కాలు చూసి భయపడ్డాను. పోలీసులు, కాలేజీ, అపార్ట్‌మెంట్‌లో వాళ్ళు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఇంతకంటే పెద్ద కారణం ఉందని చెప్పుకోలేను.

“లేదమ్మా,” అన్నాను.

ప్రసాద్ గారు తల దించుకున్నారు. ఆయన భుజాలు కిందికి జారడం నాకు స్పష్టంగా కనబడింది. సుజాత గారు కళ్ళు మూసుకుంది. ఆసుపత్రి గేటు దగ్గర కొన్న బత్తాయిలు బల్లమీద పెట్టి, మళ్ళీ వస్తానని చెప్పి బయటపడ్డాను.

స్టేషను మెట్ల దగ్గర నిలబడి యాదగిరికి ఫోన్ చేశాను. తీసెయ్యమన్నాను. “సరే అన్న. నీ ఇష్టం,” అని పెట్టేశాడు.

సాయంత్రం ఐదూ నలభైకి సికింద్రాబాద్‌లో తిరుగు బండి. జనం పలచగా ఉన్నారు. చేతులు ఖాళీగా ఉంటే ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. కాళ్ళు మాత్రం పొద్దున్నించీ అలవాటైపోయి దూరంగానే పెట్టుకుని కూర్చున్నాను. కాజీపేటలో టీ తాగుతుంటే ప్రసాద్ గారి మెసేజ్ వచ్చింది. ఆయన రాసింది రాసినట్టే ఇక్కడ పెడుతున్నాను.

“మాస్టారూ, మీరు వెళ్ళాక సుజాత నాతో మాట్లాడింది. ఇప్పటికైనా ఒప్పుకోండి అంది. మీ మాట విన్నాక నాకూ ఇక అనుమానం లేదు. జోరుగా తొక్కాను, తప్పు నాదే అని ఒప్పుకున్నాను. ఇద్దరం ఏడ్చాం. ఈ పూట నా చేత్తో నాలుగు ముద్దలు తిన్నది. మీ మేలు మర్చిపోలేను.”

మూడుసార్లు చదివాను. జవాబుగా నిజం రాయడం మొదలుపెట్టి రెండుసార్లు చెరిపేశాను. ఇప్పుడు చెబితే ఆ నాలుగు ముద్దలు కూడా చెడగొట్టినట్టవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకేనని అప్పుడే తెలుసు. చివరికి “ఆరోగ్యం జాగ్రత్త” అని పంపాను. వెంటనే దండం పెట్టిన బొమ్మ వచ్చింది.

పోను రాను పదకొండు గంటల పైన రైలు ప్రయాణం, ఒక ఆటో, రెండుసార్లు మెట్రో, సగం తిన్న భోజనం. పైపు ఎక్కడిది అక్కడికి చేరింది. వెళ్ళిన పని వెళ్ళినట్టే అయింది. ఇంతకంటే సాఫీగా జరిగిన ప్రయాణం నాకు గుర్తు లేదు.

వరంగల్‌లో ఒకావిడ రెండు పెద్ద పెట్టెలతో ఎక్కింది. నా సీటు కిందికి వంగి చూసి, “మీ సామాను ఏమైనా ఉందా బాబాయ్, జరిపి పెట్టుకుంటాను,” అంది.

“లేదమ్మా,” అన్నాను. మధ్యాహ్నం అన్న మాటే, అదే గొంతుతో.

ఆవిడ కూడా నమ్మింది.