పిట్ట కాళ్ళ దారం

నిన్న పాత దిండు పిగిలి దూది బయటికొచ్చింది. కుడదామని తీసి, ఆ దూది చేత్తో పట్టుకుని ఊరికే కూర్చుండిపోయాను.

నాకు ఆరేళ్ళప్పుడు మద్రాసు నుంచి ఒక దొరగారు కొల్లేరు పిట్టల్ని చూడ్డానికి వచ్చారు. ఆయనకి తెలుగు రాదని, ఏలూరు బళ్ళో మేష్టారైన మా నాన్నగారు తోడు వెళుతూ నన్నూ తీసుకెళ్ళారు. కొల్లేటికోట దగ్గర రెల్లుపొదలో పాడుతున్న పిట్టని దొరగారు తుపాకీతో కొట్టారు. పిచ్చుకంత ఉంది, గోధుమరంగు ఒంటినిండా నల్లటి చారలు. పడవతను "గడ్డిపిట్టండి" అన్నాడు. దొరగారికి ఆ పేరు చాల్లేదు. పొట్ట కోసి దూది కూరారు. కళ్ళల్లోనూ దూది పెట్టి, రెండు కాళ్ళూ కలిపి దారంతో కట్టారు.

"ఎందుకలా కట్టారు నాన్నగారూ?"

"దాని అసలు పేరు తెలీదమ్మా. పట్నం తీసుకెళ్ళి తెలుసుకుంటారు."

ఆ వానాకాలమే అమ్మ జ్వరంతో పోయింది. నాకు ఏడుపు రాలేదు. చాప మీద పడుకోబెట్టి ముక్కుల్లో దూది పెట్టారు. కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి దారంతో కట్టారు. నాన్నగారు అమ్మని ఎప్పుడూ "ఇదిగో" అనే పిలిచేవారు. వీధిలోవాళ్ళకి మేష్టారి భార్య. నాకు అమ్మ.

"అమ్మ పేరు ఎవరికీ తెలీదా నాన్నగారూ?" అనడిగాను.

ఆయన నా మొహంలోకి చూసి, "సుందరమ్మ" అన్నారు. మగవాళ్ళు పెళ్ళాం పేరు పలకని రోజులవి. ఆయన నోట ఆ పేరు వినడం అదే మొదలు.

పేరు తెలిసిపోయింది కదా, ఇక దారం విప్పుతారని అమ్మ కాళ్ళవైపే చూస్తూ కూర్చున్నాను.