ఉత్తుత్తి సవారీ

మా యాప్ ఏం చేస్తుందో ఎవరడిగినా చెప్పగలను. ఏ అడ్డాలో ఏ జీపు ఉందో, అందులో ఎన్ని సీట్లు నిండాయో ఫోన్‌లో చూపిస్తుంది. మహారాష్ట్ర సరిహద్దులోని మా కుండల్‌వాడి నుంచి నాందేడ్ పోవాలనుకున్నవాళ్లు జీపు నిండేదాకా ఎండలో మాడక్కర్లేదు. నాకు అర్థం కానిదల్లా ఒక్కటే. డబ్బు పెట్టేవాళ్లు ‘చాలా నచ్చింది’ అంటే దానర్థం ఏమిటి?

పుణెలో కలిసిన ప్రతివాళ్లూ నచ్చిందనే అన్నారు. ఆ వెంటనే, ‘ఇంకెవరు వస్తున్నారు?’ అని అడిగారు. ఎవరూ లేరంటే, ‘ఎవరైనా ముందుకొస్తే చెప్పండి, వెనకే మేముంటాం’ అన్నారు. వీళ్లు వాళ్లకోసం చూస్తారు, వాళ్లు వీళ్లకోసం చూస్తారు. మరి మొదట వచ్చేదెవరు, నా తలకాయ? తిరిగొచ్చేటప్పుడు రైల్లో దారి పొడుగునా ఇదే ఆలోచించాను.

యాప్‌లో నాకు భాగస్వామి మా మేనమామ. కుండల్‌వాడి, నాందేడ్ మధ్య జీపు నడుపుతాడు, ఎక్కేవాళ్లను సవారీలంటాడు. నా గోడు విని పకపకా నవ్వాడు.

“గింతేనా బిడ్డా? పట్నపోళ్లు గూడ మన సవారీల లెక్కనే ఉన్నరు. ఖాళీ బండి ఎవడెక్కుతడు? ‘నిండినంక పిలువు, అప్పటిదాక చాయ్ తాగుత’ అంటరు. గంతే!”

దీనికి మా అడ్డాలో ఒక మందుంది. డ్రైవరు తనకు తెలిసిన మనిషినొకణ్ని ముందుగా జీపులో కూర్చోబెడతాడు. అతను ఉత్తుత్తి సవారీ. అతన్ని చూసి ఒకరు, ఆ ఒకరిని చూసి ఇంకొకరు ఎక్కుతారు. చివరి సీటుకు మనిషి రాగానే ఉత్తుత్తివాడు మర్యాదగా దిగిపోతాడు. దాన్ని మోసమని ఎవరూ అనుకోరు. మామ జీపులో ఆ పని మా వీధి తాతది. తెల్ల ధోతి, ఎర్ర పాగా, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంటే నిజంగా పెళ్లికి పోతున్నట్టే ఉంటాడు. చాయ్ పోయిస్తే చాలు, పొద్దంతా కూర్చుంటాడు.

ఈసారి పుణెవాళ్లే నాందేడ్ వస్తున్నారని, స్టేషన్ దగ్గరి హోటల్ హాల్లో మమ్మల్ని వింటారని తెలిసింది. అప్పుడు మామ తేల్చి చెప్పాడు.

“ఈసారి గూడ ఎవరు రాకుంటే జీపు అమ్మి ఆ పైసలు ఇందుల పెడ్త. నువ్వు మాత్రం ఇది బంద్ వెట్టకు.”

నేను నాయ్‌గావ్ కాలేజీకి పోయింది ఆ జీపులోనే. మామకు వేరే బతుకుతెరువు లేదు. ఎట్లాగైనా వీళ్లను ఒప్పించాలి, జీపు నిలబడాలి. ఇంక నాకు వేరే ధ్యాస లేదు.

హాల్లో తెర పక్కన నిలబడి ఎదురుగా చూద్దును కదా, డబ్బు పెట్టేవాళ్ల వరుసలో మా తాత! చలువ ధోతి, అదే పాగా, ఒళ్లో అదే సంచి. వెనక గోడకానుకుని మామ నాకు కన్ను గీటుతున్నాడు. ఓరి దేవుడా, ఏం చేశావు మామా! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నోటికొచ్చింది చెప్పుకుంటూ పోయాను.

తాత పక్కన కళ్లద్దాల మేడం కూర్చుంది. ఎవరో పెద్ద రైతు అనుకున్నట్టుంది, ‘మీరు కూడా ఇందులో ఉన్నారా?’ అని మరాఠీలో అడిగింది. ‘మొదటిసంది ఉన్న’ అన్నాడు తాత, ఆయనా మరాఠీలోనే. అది అబద్ధం కూడా కాదు. దాంతో వరుస వరుసంతా కదిలింది. గుసగుసలాడుకున్నారు. చివరికి మేడం నావైపు తిరిగి, “అయితే మేమూ వస్తాం” అంది.

సరిగ్గా అప్పుడే తాత లేచాడు. సంచి చంకన పెట్టుకుని, భుజం మీది తువ్వాలతో కుర్చీ దులిపాడు.

“కూసోండి అమ్మా, సీటు మీదే. నేను దిగుత.”

ఆమె అప్పటికే కూర్చుని ఉందన్న సంగతి ఆయనకు పట్టలేదు. తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. మేడం తలుపు వైపు చూసింది, నావైపు చూసింది. “ఆయన ఎందుకు తప్పుకున్నారు?” అంది. నేను నోరు తెరిచేలోపే మామ, “మీకోసమే మేడం, జాగ ఇచ్చిండు” అన్నాడు గర్వంగా. ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయింది. మాట్లాడుకుని చెబుతామన్నారు. పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుని, చాలా నచ్చిందని కూడా అన్నారు.

బయట తాత మీద విరుచుకుపడ్డాను. “ఎందుకు లేచినవ్ తాతా? కొంప ముంచినవ్ గద!”

ఆయన బిత్తరపోయాడు. “అసలు సవారీ అచ్చినంక నేను కూసుంటే తప్పు గాదా బిడ్డా?”

కొన్నాళ్లకు ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది, ‘మీ ప్రగతిని గమనిస్తూ ఉంటాం’ అని. మామకు చదివి వినిపించాను.

“అంటే ఎక్కుతరా, ఎక్కరా?”

“తెల్వది మామా.”

జొన్న కోతలయ్యేదాకా ఎదురుచూసి, మామ జీపును నాయ్‌గావ్ మనిషికి అమ్మేశాడు. ఇప్పుడు నా గదిలో కూర్చుని, ఎన్ని సీట్లు నిండాయని డ్రైవర్లకు ఫోన్లు చేస్తుంటాడు. బయట హారన్ వినబడితే మాట మధ్యలో ఆగిపోతాడు.

మొన్న నాందేడ్‌లో ఇంకెవరో వింటామంటే బయల్దేరాను. మా యాప్‌లోనే చూశాను, ఒక్క సీటు ఉంది. అడ్డాకు పరుగెత్తితే అది మామ జీపు. రంగు మార్చారు గానీ తలుపు మీద సొట్ట అట్లాగే ఉంది. లోపలంతా నిండింది, కిటికీ పక్కన మాత్రం తాత. నన్ను చూడగానే సంచి తీసుకుని దిగాడు.

“కూసో బిడ్డా.”

ఎక్కి కూర్చున్నాను. తాత కిటికీ పట్టుకుని లోపలికి వంగాడు.

“అప్పుడు నేను సీటిడిచి అచ్చిన గద, ఆ మేడం ఎక్కిందా?”

“ఇంకా తెల్వది తాతా,” అన్నాను. మా మామ కాని మనిషి గేరు వేశాడు. జీపు నిండుగా కదిలింది.