పురుగుమందు కేసు

స్తుతికి నోరెక్కువని ఊళ్లో పేరు. ఊరు ప్రత్తిపాడు పక్కనే. తండ్రి లేడు. తల్లి పున్నమ్మ పేరయ్యగారి మిరప చేలో కూలికి వెళ్లేది. వాళ్ల పేటలో బి.ఫార్మసీ దాకా వెళ్లిన మొదటి పిల్ల స్తుతే కాబట్టి ఊరు ఆ నోటిని ఓర్చుకోక తప్పలేదు. పేరయ్యగారి ఒక్కగానొక్క కొడుకు కోటేష్‌ది కూడా అదే యూనివర్సిటీ, అదే క్లాసు. “ఒకే ఊరివాళ్లు కదా” అని ఎవరైనా అంటే ఆమెకు ఒళ్లు మండేది. ఊరైతే ఒకటే గానీ, ఆ ఇంటి వాకిట్లో ఆమె తల్లికిచ్చే టీ గ్లాసు వేరు.

ఫైనలియర్‌కొచ్చేసరికి క్లాసులో చాలామంది మగపిల్లలు నొప్పి మాత్రలు మింగడం మరిగారు. పెద్ద ఆపరేషన్లు అయినవాళ్లకు రాసే మత్తు మాత్రలవి. వాళ్ల దృష్టిలో గంజాయి పీల్చేవాడు వెధవ, మాత్ర మింగేవాడు మాత్రం చదువుకున్నవాడు.

“షీటు మీద కంపెనీ పేరుంది, బ్యాచ్ నంబరుంది. దీన్ని పట్టుకుని డ్రగ్ అంటే ఎట్టా?” అనేవాడు కోటేష్ రూమ్మేటు బాలు. “డోసు మనకి తెలవకపోతే ఇంకెవడికి తెలుసుద్ది?”

ఆడపిల్లలు నవ్వి ఊరుకునేవాళ్లు. వాళ్ల ఒళ్లు వాళ్లిష్టం అనడం అక్కడ పెద్ద సంస్కారం కింద లెక్క. స్తుతికి ఆ సంస్కారం అబ్బలేదు.

“ఒరేయ్, డోసు తెలిసి చచ్చినోడికి ఏమన్నా సర్టిఫికెట్ ఇస్తారంట్రా?” అంది క్యాంటీన్‌లో అందరి ముందూ. ఆ రోజు నుంచీ ఆమెను పాస్టరమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. పిలిస్తే పిలిచారు, ఆ మూక మొహాలు చూస్తేనే ఆమెకు అసహ్యం.

మార్చి చివర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం బాలు ఫోన్ చేశాడు. కోటేష్ పిలిస్తే పలకడం లేదట. గుంటూరు బ్రాడీపేటలో వాళ్ల రూమ్ దగ్గరున్న ఆస్పత్రికి తెచ్చారట. వాళ్ల నాన్న నంబరు కావాలట. స్తుతి నంబరు చెప్పింది, ఆటో ఎక్కింది. ఎందుకెక్కిందో ఆమెకే తెలియదు. వాడంటే ఆమెకు ఇసుమంత జాలి లేదు.

వెళ్లేసరికి కోటేష్ పెదాలు నీలంగా మారి ఉన్నాయి. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఏం జరిగిందని అడిగిన డాక్టరుకు బాలు తడుముకోకుండా చెప్పాడు.

“నిన్న ఊరెళ్లి మిరప చేలో పురుగుమందు పిచికారీ చేసొచ్చాడు సార్. రాగానే పడుకున్నాడు.”

గుంటూరులో ఆ మాటకు తిరుగులేదు. అలాంటివాళ్లు ఆ ఆస్పత్రికి ఎప్పుడూ వస్తూనే ఉంటారు. పైగా పురుగుమందు సోకినా, ఆ మాత్రలు ఎక్కువైనా కంటిపాపలు చిన్నవైపోవడం ఒకటే. డాక్టరు పురుగుమందుకు చేసే వైద్యమే మొదలుపెట్టాడు. అయినా ఊపిరి ఇంకా సన్నగిల్లుతుంటే అనుమానం వచ్చి పేరయ్యకు ఫోన్ కలిపించి, స్పీకర్ పెట్టించాడు. మాత్రల సంగతి బయటపడితే యూనివర్సిటీ నుంచి గెంటేస్తారని బాలు అప్పటికే ఆయనకు నూరిపోసి ఉంచాడు.

“అవునండి డాక్టరుగారూ, మా చేలోనే కొట్టాడండి. వద్దన్నా వినలా” అన్నాడు పేరయ్య.

కొడుకు చావుబతుకుల మధ్య ఉంటే తండ్రి పరువు కాపాడుకుంటున్నాడు. స్తుతికి అరికాలి మంట నెత్తికెక్కింది.

“అబద్ధం సార్! కాయ కోతలు ఎప్పుడో అయిపోయాయి. వాళ్ల చేలో గొర్రెలు మేస్తన్నాయి. మా అమ్మ వాళ్ల కల్లంలోనే తాలుకాయలు ఏరుతోంది. ఎండిపోయిన మిరపకట్టె మీద పురుగుమందు ఎవడన్నా కొడతాడా? వీడు మింగింది మత్తు మాత్రలు సార్. చూపించరా షీటు!” అని బాలు చొక్కా పట్టుకుంది.

“ఎవరే అది? పున్నమ్మ కూతురివా?” ఫోన్లోంచి పేరయ్య అరిచాడు. “రేపట్నించి మీ అమ్మ నా కల్లంలో అడుగు పెట్టిందంటే కాళ్లిరగ్గొడతా!”

“పెట్టదులెండి. ముందు మీవాణ్ణి బతకనివ్వండి” అంది స్తుతి.

డాక్టరు ఒకసారి బాలు మొహం చూశాడు, ఇక ఎవరినీ ఏమీ అడగలేదు. నర్సుతో మత్తును విరిచే ఇంజెక్షన్ చేయించాడు. కాసేపటికి కోటేష్ కళ్లు తెరిచి, వాంతి చేసుకుని, ఎదురుగా కనబడిన స్తుతిని బూతులు తిట్టాడు.

తర్వాత అందరూ అదే పని చేశారు. నిద్రపోతే దిగిపోయే మత్తుకు ఇంత రాద్ధాంతమా అంది క్లాసు. హాస్టల్లో ఆమె పక్కన కూర్చుని తినేవాళ్లు లేకుండా పోయారు. ఊళ్లో అయితే, అసలు ఆ మాత్రలు తెచ్చిచ్చిందే స్తుతి అని పుకారు పుట్టింది. ఇక యూనివర్సిటీ అయితే వీళ్లందర్నీ మించిపోయింది. అది పురుగుమందు కేసేనని తేల్చేసి, పిచికారీలో జాగ్రత్తల గురించి సదస్సు పెట్టి, కోటేష్ చేతుల మీదుగా రైతులకు మాస్కులు పంచింది. బాలు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. సిగ్గూ శరమూ లేని మనుషులు.

పున్నమ్మ మాత్రం కూతుర్ని ఒక్క మాట అనలేదు. పక్కూరికి కూలికి పోయే ఆటోలో తనూ ఎక్కింది.

వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం పేరయ్య పున్నమ్మ ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. ఎన్నికలప్పుడు తప్ప ఆయన ఆ పేటలోకి రావడం ఎవరూ ఎరగరు. పున్నమ్మ కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

“ఆ ఇంజెక్షన్ పేరేందమ్మా?” అన్నాడు స్తుతితో.

“ఏ ఇంజెక్షనండీ?”

“ఆ రోజు మావాడికి చేశారే, అది. ఒకటి తెచ్చి ఇంట్లో పెట్టుకుందామని.”

“మళ్లీ మింగుతున్నాడా?”

పేరయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు.

“ఇంట్లో దాచుకుంటే పోయే జబ్బు కాదండీ అది. మాన్పించే ఆస్పత్రి గుంటూరులోనే ఉంది. రేపే తీసుకెళ్లండి.”

“గుంటూరులో మనవాళ్లు కనబడతారు” అన్నాడాయన.

“రేపు వాడు పోతే చూడ్డానికొచ్చేదీ ఆ మనవాళ్లేనండీ” అంది స్తుతి. పున్నమ్మ గబుక్కున కూతురి చెయ్యి పట్టుకుని లాగింది.

పేరయ్యకు కోపం రాలేదు. ఆమె వంక చూస్తూ అక్కడే నిలబడ్డాడు.

“ఆ ఇంజెక్షన్ పేరు చెప్పవే తల్లీ” అన్నాడు.