వంశావళులు లేని ప్లేలిస్టు

మా బాపు ఒక ఆదివారం ఆరాధనలో పరిశుద్ధ గ్రంథాన్ని తలకిందులుగా పట్టుకుని, ఒక అధ్యాయమంతా అక్షరం తప్పకుండా చదివాడు. సంఘమంతా ఆమేన్ అంది. మా అమ్మ మాత్రం అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇల్లు చేరేదాకా ఓపిక పట్టి, చెప్పులు విడవకముందే అడిగింది.

"ఏందయ్యా, పుస్తకం ఉల్టా వట్టుకోని చదువుతున్నవ్?"

"చదువలే. యాదికున్నది చెప్పిన" అన్నాడు బాపు.

బాపు గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరయ్యాడు. నాందేడులో మా తెలుగు సంఘం చిన్నది. మరాఠీ సంఘం వాళ్ళతో ఒకే హాలు పంచుకునేవాళ్ళం. మా ఆరాధన ఆలస్యమైతే వాళ్ళు వాకిట్లో నిలబడి గట్టిగా దగ్గేవాళ్ళు. నాకు తెలివి వచ్చినప్పటి నుంచీ ఆ హాల్లో ఆదివారం పాఠం చదివేది బాపే. అందుకే కళ్ళకు మోతీబిందు వచ్చిన సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. మా ఊళ్ళో కంటిపొరను అందరూ మోతీబిందు అనే అంటారు. ఉల్టా పుస్తకంతో ఆ సంగతి బయటపడ్డాక, నేనూ అమ్మా కలిసి ఆయన్ను డాక్టరు దగ్గరికి లాక్కుపోయాం. పొర బాగా ముదిరిందనీ, ఇంకా ఆగితే కన్నే పోవచ్చుననీ, వచ్చే నెల కంటి క్యాంపులో ఆపరేషన్ చేయించుకొమ్మనీ డాక్టరు చెప్పాడు.

"వాక్యం అచ్చినంక పోత" అన్నాడు బాపు.

మా ఇంట్లో వాక్యం రావడం అంటే ఇది. ప్రొద్దున కుటుంబ ప్రార్థనలో బాపు కళ్ళు మూసుకుని గ్రంథం ఎక్కడో ఒకచోట తెరిచి వేలు పెట్టేవాడు. వేలు కింద ఏముంటే అదే ఆ రోజుకు దేవుడిచ్చిన మాట. బాగాలేదని మళ్ళీ తెరవడం లేదు. గ్రంథం పెద్దది, అందులో వంశావళులు చాలా ఉన్నాయి. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను, వాడు మరొకణ్ణి కనెను అంటూ సాగే పేర్ల జాబితాలు. అవి కాకపోతే గుడారపు తెరల కొలతలు, గోత్రాల జనాభా లెక్కలు. బాపు వేలికి ఎక్కువగా ఇవే తగిలేవి. అయినా ఆయన ఎన్నడూ నిరాశపడలేదు. నేను ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్ళే రోజున తినకూడని పక్షుల జాబితా వచ్చింది. బాపు కాసేపు ఆలోచించి, "బయట ఏం తినకు బిడ్డా" అన్నాడు. నేను నీళ్ళు మాత్రం తాగి వెళ్ళాను. కంప్యూటర్ క్లాసులో టైపింగు నేర్పే ఉద్యోగం వచ్చింది. ఆ పక్షుల మీద నాకిప్పటికీ గౌరవం.

కళ్ళు మసకబారాక ఆ పద్ధతి ఆగిపోయింది. వేలు పెట్టు, నేను చదువుతానంటే ఒప్పుకోలేదు.

"వేలు నాది, కండ్లు నీయి. అప్పుడు వాక్యం ఎవలది?"

అందుకని స్టేషను దగ్గర చైనా సామాను అమ్మే దుకాణంలో ఒక ఎంపీత్రీ ప్లేయరు కొన్నాను. అగ్గిపెట్టెకు కొంచెం పొడుగు, ఒక సన్న బ్యాటరీ, గోరంత తెర. హైదరాబాదు కూటాల నుంచి తెచ్చుకున్న సీడీల్లో గ్రంథమంతా ఒక బొంగురు గొంతాయన చదివినది ఉంది. క్లాసులో కంప్యూటర్ ఖాళీ దొరికినప్పుడల్లా దాన్ని ఎక్కించాను. పుస్తకానికొక ఫోల్డరు, అధ్యాయానికొక ఫైలు. తెలుగు అక్షరాలు పెడితే ఆ తెర మీద వరుసగా గళ్ళు కనిపించేవి. అందుకని పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాను. షఫుల్ నొక్కితే ఏ అధ్యాయమైనా దానంతట అదే వస్తుందని బాపుకు చెప్పాను.

"ఎవలు ఏరుతరు?"

"ఎవ్వలు ఏరరు బాపు. ఏదస్తె గది."

బాపు దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. "పూర్వం భక్తులు చీట్లు ఎయ్యలేదా? గిది గసొంటిదే" అని మొదటిసారి నొక్కాడు. దానికి తగిలించిన చిన్న స్పీకరు డబ్బాలోంచి బొంగురు గొంతు గుడారపు తెరల కొలతలు మూరల్లో చెప్పసాగింది. బాపు మొహం వెలిగిపోయింది. "మంచిగ నడుస్తున్నది" అన్నాడు.

కొలతలు, లెక్కలు, తెగుళ్ళు వచ్చాయి. ఆపరేషన్ మాట మాత్రం రాలేదు. క్యాంపు దగ్గరపడుతోంది. ఒకరోజు బాపు వాకిట్లో కూర్చుని ఉండగా అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, పొయ్యి మీద రొట్టె తిప్పుతూ గుసగుసగా అడిగింది.

"నీ డబ్బల గుడ్డోళ్ళ కథలు ఎన్నున్నయ్?"

"చానున్నయ్. ఎందుకు?"

"గవే వెట్టు. కడుమయి తీసెయ్."

"అమ్మా! దేవుని వాక్యంల మనం చెయ్యి వెడ్తమా?"

అమ్మ మా సంఘంలో స్త్రీల కూటానికి పెద్ద. వాదనలో ఆమెను గెలిచినవాళ్ళను నేను చూడలేదు. "కొత్త సంవత్సరం నాడు వాగ్దానం కార్డులు తీస్తం గదా. ఆ పెట్టెల శాపాలు ఎవలన్న ఏస్తరా? తెగుళ్ళు ఏస్తరా? అన్ని మంచి మంచియి ఏరి ప్రెస్సుల అచ్చు కొట్టిస్తరు. మనం కండ్లు మూసుకోని తీసి స్తోత్రం అంటం. గది మోసమా?"

"కాదు."

"మరి గిదెట్ల మోసమైతది? ఆయన మాటలే వెడ్తున్నం. నా మాటలు వెడ్తలేం."

ప్లేలిస్టు అంటే ఏమిటో తెలియకుండానే ప్లేలిస్టు శాస్త్రమంతా ఆమెకు తెలుసు. ఫైళ్ళు తీసేయనక్కర్లేదని, ఉన్నవాటిలోంచి కొన్నింటితో ఒక జాబితా కట్టి, అందులోనే షఫుల్ తిరిగేలా చేయవచ్చని చెప్పాను. అమ్మ కథలు చెబుతూ పోయింది, నేను అధ్యాయాలు వెతుకుతూ పోయాను. దారి పక్కన కూర్చుని కేకలేసిన గుడ్డి బిచ్చగాడు. కళ్ళకు బురద పూయించుకుని కోనేట్లో కడుక్కున్నవాడు. మొదటిసారి తాకినప్పుడు మనుషులు నడిచే చెట్లలా కనపడితే, రెండోసారి తాకించుకుని సరిగా చూసినవాడు. "ఇగో, గీనిది అచ్చం మోతీబిందే" అంది అమ్మ. జాబితాకు ఇంగ్లీషు అక్షరాల్లో 'మోతీబిందు' అనే పేరు పెట్టాను. ప్లేయరు వెలిగించినప్పుడల్లా మా కుట్ర పేరు తెర మీద నీలంగా మెరిసేది. చదవవలసిన మనిషికి అది కనపడదు.

ఆ వారం మా ఇంట్లో రోజూ ఒక గుడ్డివాడికి చూపు వచ్చింది. ప్రార్థనలో బాపు గొంతు వణికేది. అమ్మ నావైపు చూసి కనుబొమలెగరేసేది. ఇహ క్యాంపుకు పోతానంటాడు, రేపంటాడు, ఎల్లుండంటాడు అని ఎదురుచూశాం.

ఆదివారం సాక్ష్యాల సమయంలో బాపు లేచి నిలబడ్డాడు.

"ప్రభువు నాతోటి దినాం మాట్లాడుతున్నడు" అన్నాడు. "తెల్లారితే ఒక్కటే మాట. ముట్టిండు, కండ్లచ్చినయ్. ఉమ్మిండు, కండ్లచ్చినయ్. ఏడ గూడ కత్తి వట్టలే. నాకు సమజైంది. ఆపరేషన్ వద్దంటున్నడు. ఆయనే ముడుతడు."

సంఘం చప్పట్లు కొట్టింది. స్తోత్రం స్తోత్రం అన్నారు. వాకిట్లోని మరాఠీవాళ్ళు కూడా విషయమేమిటో తెలియకపోయినా దగ్గడం మాని హల్లెలూయా అన్నారు. అమ్మ ముసుగు గడ్డం దాకా లాక్కుని, ముసుగులోంచే నా తొడ మీద గిల్లింది.

"ఏం వెట్టినవే!"

"నువ్వే గదా చెప్పినవ్!"

"గుడ్డోళ్ళవి చెప్పిన. డాక్టర్లవి గూడ వెట్టాలె గదా, చదువుకున్నదానివి!"

ఆ సాయంత్రమే జాబితా మార్చాం. ఈసారి మందులూ మార్గాలూ ఉన్న అధ్యాయాలు. రాజుగారి పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేసి కట్టిన కథ. నదిలో మునగమంటే నామోషీపడ్డ సేనాధిపతిని నౌకర్లు బతిమాలి ముంచిన కథ. కడుపు బాగుండని ఒక సేవకుణ్ణి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మన్న ఉత్తరం. దెబ్బలు తిని దారిలో పడ్డవాడి గాయాలకు నూనె పోసి కట్టు కట్టినవాడి కథ. నదిలో మునిగిన సేనాధిపతి మీద అమ్మకు ఎక్కువ నమ్మకం. "ఈయన అచ్చం మీ బాపే. చిన్న పనికి గింత లొల్లి" అంది.

ఒకరోజు అంజూరపు ముద్ద, ఒకరోజు నూనె. బాపు వింటున్నాడు గాని ఏమీ అనడం లేదు. మూడో రోజున చాయ్ తాగుతూ అమాయకంగా అడిగాడు.

"బిడ్డా, ఈ నడుమ వంశావళులు అస్తలేవేంది?"

నేను రొట్టె తుంచుతూ తల వంచుకున్నాను.

"అంటే... ఏదస్తె గది బాపు."

"నేను ఇన్నేండ్ల సంది వాక్యం తీస్తున్న. నాకు ఎప్పుడు గుడారం కొలతలే ఇచ్చిండు. పేర్ల పట్టీలే ఇచ్చిండు. నేనేమన్న అన్నానా? ఇప్పుడేంది, ఒక్కసారిగ డాక్టరైపోయిండు?"

అమ్మ వంటింట్లోంచి, "ఆయన ఇష్టమయ్యా. ఆయనను సవాళ్ళు అడుగుతవా?" అంది.

"నేనెవన్ని అడుగుతందుకు" అని బాపు చాయ్ ఊదుకున్నాడు.

మర్నాడు ప్రార్థనకు కూర్చునేసరికి ప్లేయరు అప్పటికే బాపు చేతిలో ఉంది. పక్కనున్న బొత్తాన్ని కాసేపు నొక్కి పట్టి జాబితాలోంచి బయటకు వచ్చే సంగతి నేనెప్పుడూ చెప్పలేదు. రాత్రంతా ముందున్న రైలుపెట్టెలు లెక్కపెడుతూ పోయిన మనిషి, బొత్తాం నొక్కులు లెక్కపెట్టుకుంటూ మొదటి పుస్తకంలోకి, అందులో తనకు కావలసిన అధ్యాయంలోకి తడుముకుంటూ పోయాడు. ఏ అధ్యాయం ఎన్నోదో ఆయనకు చూడవలసిన పని లేదు.

బొంగురు గొంతు మొదలుపెట్టింది. ఒక ముసలి తండ్రి. కళ్ళు కనపడవు. చనిపోయేముందు పెద్దకొడుకుకు దీవెన ఇద్దామనుకుంటాడు. చాటు నుంచి విన్న భార్య చిన్నకొడుకును పిలిచి, నేను చెప్పినట్టు చెయ్యి అంటుంది. వాడి చేతులకు మేకపిల్ల తోళ్ళు చుట్టి, పెద్దవాడి బట్టలు తొడిగి, వండిన మాంసం చేతికిచ్చి గుడ్డి తండ్రి దగ్గరికి పంపుతుంది.

నేను నేల చూస్తున్నాను. అమ్మ పైకప్పు చూస్తోంది. తండ్రి కొడుకు చేతులు తడిమి, గొంతు ఒకరిదీ చేతులు ఒకరివీ అని అనుమానపడే చోటికి వచ్చేసరికి, బాపు చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుని మెల్లగా తడిమాడు.

"తోలు మెత్తగున్నది" అన్నాడు.

అమ్మ ముందు నవ్వింది. ఆపుకుందామని చూసి, కుదరక కొంగులో ముఖం దాచుకుని కదిలిపోతూ నవ్వింది. నేను నవ్వాలో ఏడవాలో తెలియక ప్లేయరు ఆపబోయాను.

"ఉండనియ్. అయిపోవాలె" అన్నాడు బాపు.

అధ్యాయం చివరిదాకా విన్నాం. బొంగురు గొంతు ఆగాక బాపు ప్లేయరు చాప మీద పెట్టాడు.

"ఆ ముసలాయనకు మోసం తెలిసినంక గూడ దీవెన వాపస్ తీసుకోలే. ఎందుకో ఎరికేనా? ఆళ్ళు జేసిన పని వంకరదే. గని దేవుడు అనుకున్నది గదే." ప్లేయరును చాప మీద కొంచెం అవతలికి జరిపాడు. "కిన్వట్ అడవిల చీకట్ల ఆఖరి డబ్బల ఒక్కన్నే కూసోని పోయేటోన్ని. ఎన్నడు భయం కాలే. కంటికాడ కత్తి అంటే భయమైంది. గది చెప్పుకోలేక దేవుని మీద వెట్టిన. మీరు డబ్బ మీద వెట్టిన్రు. క్యాంపు ఎప్పుడు?"

"శనివారం" అంది అమ్మ. నవ్వు అప్పటికే పోయింది, కళ్ళు తుడుచుకుంటోంది.

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు కట్టు విప్పిన డాక్టరు కుర్రవాడు, చదువు పూర్తయి ఎన్నాళ్ళో కానట్టుంది. వంగి, "కాయ్ దిస్తం, కాకా?" అని అడిగాడు. ఏం కనపడుతోందని.

బాపు గది అంతా నిదానంగా చూశాడు. ఆ తర్వాత చాలా దిగులుగా మరాఠీలో, మనుషులు నడిచే చెట్లలా కనపడుతున్నారని చెప్పాడు.

డాక్టరు మొహం పాలిపోయింది. టార్చి కోసం జేబులు తడుముకున్నాడు, నర్సును కేకేశాడు. అమ్మకు ఒక్క క్షణంలో సంగతి అర్థమైంది. బాపు భుజం మీద ఒక్కటి వేసింది. "సిగ్గులేదా గీ వయసుల! పోరడు భయపడ్డడు గదా!" అని, డాక్టరు వైపు తిరిగి, "కాహీ నాహీ సాహెబ్, మంచిగనే దిస్తంయ్" అంది సగం మరాఠీలో, సగం తెలుగులో. బాపు పడీ పడీ నవ్వాడు. నవ్వితే కంటికి మంచిది కాదని డాక్టరు కోప్పడ్డాడు.

ఇంటికి వచ్చాక ప్లేయరు తెప్పించుకుని, తెర మీది పేరును కూడబలుక్కుని చదివాడు. "మో-తీ-బిం-దు. పేరు మంచిగనే వెట్టినవ్. ఇగ తీసెయ్" అన్నాడు. ఆయన ముందే చెరిపేశాను. గ్రంథమంతా మళ్ళీ షఫుల్‌లోకి వచ్చింది.

కంటి చుక్కల మందు రోజులు అయిపోయాక, అద్దాలు వచ్చిన రోజు ప్రొద్దున్నే ప్రార్థనకు కూర్చున్నాం. బాపు కళ్ళు మూసుకుని నొక్కాడు. వంశావళి. అదీ చిన్నది కాదు, గ్రంథమంతటిలో పెద్దవాటిలో ఒకటి. ఫలానావాడి కొడుకులు, వాళ్ళ కొడుకులు. చాయ్ మీద మీగడ కట్టింది. అటుకుల పోహె చల్లారింది. ఆపమనే ధైర్యం నాకు గానీ అమ్మకు గానీ లేదు.

"గిది ఆయనదే" అన్నాడు బాపు తృప్తిగా. గ్రంథం తెరిచాడు, ఈసారి సరిగ్గానే పట్టుకుని. పేర్ల వెంట వేలు నడుపుకుంటూ పోయాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఆపు, ఆపు. ఎనుకకు తిప్పు" అన్నాడు. "ఈ బొంగురోడు ఒక పేరు మింగిండు."