అరవై కార్డులు, అరవై నంబర్లు

రెండువేల సంవత్సరం దాటాక ఓ నాలుగేళ్లు నేను కార్డులాడి బతికాను. పేకాట కాదు. ఆ మాట ముందే చెప్పకపోతే మా వైపు మనుషులు తర్వాతి వాక్యం వినరు. అది కార్డులు పోగేసుకుని, మార్చుకుని, ఆడే ఆట. ఒక్కో కార్డు మీద ఒక రాక్షసుడో, మంత్రమో, కోటో బొమ్మగా ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో అది చేయగలిగిన పని రాసి ఉంటుంది. వేల రకాల్లోంచి ఎవరికి వారు అరవై ఏరుకుని కట్ట తయారుచేసుకోవాలి, ఎదుటివాడి కట్టతో తలపడాలి. పోటీలో గెలిస్తే బహుమతిగా కార్డుల పెట్టెలిస్తారు. అవి అమ్ముకుంటే నాకు నెల గడిచేది. అమ్మ మాత్రం చుట్టాలకు "బెంగళూరులో ప్రైవేటు" అని చెప్పి మాట మార్చేసేది.

ఆటను మా పామిడికి తెచ్చింది నా స్నేహితుడు. బెంగళూరులో ఉద్యోగం చేసే వాళ్లన్న తను ఆడి వదిలేసిన కార్డులను బూట్ల డబ్బా నిండా పోసి పంపాడు. స్నేహితుడికి బొమ్మలు నచ్చాయి, ఇంగ్లీషు నచ్చలేదు. నాకు ఇంగ్లీషే నచ్చింది. ఇంటర్ దగ్గర ఆగిన నా చదువు అప్పటికే గ్రంథాలయంలో బ్రహ్మాండంగా సాగుతోంది. అక్కడి లావుపాటి నిఘంటువుకు మొదటి పుటలు ఊడిపోయాయి. అందుకే 'ఏ' అక్షరంతో మొదలయ్యే ఇంగ్లీషు మాటలు నాకు ఈనాటికీ కొంచెం తక్కువ. మిగతావన్నీ గట్టివే. డిగ్రీ గణితం పుస్తకంలో సంభావ్యత అధ్యాయం చదివి, కట్టలో నాలుగున్న కార్డు మొదటి ఏడింటిలో కనిపించేది పదిసార్లకు నాలుగుసార్లేనని లెక్క తేల్చాను. ఆ కాగితం చూసి లైబ్రేరియన్ సారు, "ఈ బుర్రతో ఏదన్నా పరీక్ష రాయకూడదా అప్పా?" అన్నాడు.

బెంగళూరులో పెద్ద పోటీ ఉందని తెలిసి నేను బయల్దేరబోతుంటే నాయన పట్టుకున్నాడు. ఆయన వేరుశనగ రైతు. మాటలు తక్కువ, అన్నవి సూటిగా తగులుతాయి.

"ఏమప్పా, యాడికో పోతాండావంట?"

"బెంగళూరికి నాయనా. కార్డుల పోటీ."

"పేకాటకి రైలెక్కి పోవల్లనా? మనూరి కంపచెట్ల కింద ఆడితే సాలదా?"

ఆట గురించి అరగంట వివరించాను. అంతా విని ఆయన తీర్పు చెప్పాడు. "మీ చిన్నాయన బోరు లారీ మీదికి మనిషి కావాలంటాండాడు. ఒక్కతూరి నేనూ వస్తా, సూస్తా. ఎంతమందిలో రావల్ల నువ్వు?"

"మొదటి ఎనిమిది మందిని దేశం పోటీకి పంపుతారు."

"ఎనిమిదిలో వస్తే నీ ఇష్టం. రాకపోతే సోమవారం లారీ ఎక్కల్ల."

బోరు లారీ ఎక్కడమంటే నెలల తరబడి దాని మీదే తిని, దాని కిందే పడుకుని, ఊరూరా నేలకు చిల్లులు పొడవడం. నాకు నిద్ర పట్టలేదు. అంత పెద్ద హాల్లో నా కార్డు ఒక్కటి జారిపోయినా అంతే. అందుకని గ్రంథాలయంలో నేర్చిన విద్య ప్రయోగించాను. అక్కడ వచ్చిన ప్రతి పుస్తకానికీ వరుసలో ఒక నంబరు వేస్తారు. నేనూ అరవై కార్డులకూ వెనక అంచు మీద నల్ల సిరాతో ఒకటి నుంచి అరవై వరకూ గుండ్రటి అంకెలు వేశాను. జాబితా రాసుకుని కంఠస్థం చేశాను.

ఆదివారం పొద్దున హాల్లో మొదటి ఆట. కట్ట కలిపి ఎదుటి కుర్రాడి ముందు పెట్టాను. వాడు పై కార్డు చూశాడు, నన్ను చూశాడు, చెయ్యెత్తాడు. జడ్జి వచ్చాడు. నల్ల కోటు లేదు, నల్ల టీషర్టు.

"ఇవేమిటి?" అన్నాడు కన్నడంలో.

గ్రంథాలయ పద్ధతి ఉత్సాహంగా వివరించాను.

"ఏ నంబరు ఏ కార్డో నీకు తెలుసా?"

"అడగండి!"

ముప్పై ఏడు అన్నాడు. రెండు తలల పాము అన్నాను. తిప్పి చూశాడు, పామే. పన్నెండు, మెరుపు మంత్రం. యాభై, రాతి కోట. నాలుగోది చెబుతుండగా ఎదుటి కుర్రాడి మొహం కనిపించి నాకు విషయం తలకెక్కింది. బోర్లా ఉన్న కట్టలో తర్వాత ఏం వస్తుందో నాకు తెలిసిపోతుందని నేనే రుజువు చేసి పెడుతున్నాను.

మోసమని తేలితే పోటీ నుంచి పంపించేస్తారు. పొరపాటని తేలితే ఒక ఆట ఓడినట్టు రాస్తారు. జడ్జి ఆలోచిస్తుండగా నాయన చూసేవాళ్లకు అడ్డంగా కట్టిన తాడు దాటి లోపలికొచ్చేశాడు. మా వైపు వాళ్లకు కన్నడం ఇంట్లో మాటే.

"మోసమా? వీడా? అట్ల రాస్తారా సామీ ఎవురన్నా?" అంటూ నా కార్డు ఒకటి తీసుకున్నాడు. "మోసం సేసేటోడు ఇట్ల అంచున గోరుతో నొక్కుతాడు. సూడు, కండ్లకి ఆనదు, యేలికి తెలుస్తాది. వీడు ముత్యాల్లాగ రాసినాడు, అదీ గుడ్డోడికి గూడా కనపడేటట్ల!"

జడ్జి అంచు తడిమి చూసి నవ్వేశాడు. "అన్నా, ఇప్పుడీ కార్డుకు నిజంగానే గుర్తు పడింది. దయచేసి ఇంకోటి ముట్టుకోవద్దు."

పొరపాటే అని తేల్చారు. వెనకవైపు కనపడని నల్ల ప్లాస్టిక్ తొడుగులు అరవై ఇచ్చి, అన్నిటినీ తొడిగించారు. మూడు ఆటల్లో రెండు గెలిచినవాడిది పోరు. నేను ఒకటి ఓడి మొదలుపెట్టి, మిగతా రెండూ గెలిచాను. సాయంత్రానికి ఏడు పోరుల్లో అయిదు నావి. తాడు అవతల నాయన ఒక్కసారి కూడా కూర్చోలేదు.

చివరికి తొమ్మిదో స్థానం. ఎనిమిదోవాడికీ నాకూ పాయింట్లు సమానం, ఓడిన ఆటలు మాత్రం నాకు ఒకటి ఎక్కువ. అది ఏ ఆటో చెప్పనక్కర్లేదు.

రైలు హిందూపురం దాటాక నాయన అడిగాడు.

"నంబర్లు రాయకపోయింటే?"

"ఎనిమిదిలో ఉండేటోణ్ణి."

ఉండబట్టలేక నేనూ ఒకటి అడిగాను. "నాయనా, గోరుతో నొక్కే సంగతి నీకెట్ల తెలుసు?"

"సూసినా."

"సూసినావా, సేసినావా?"

"మీయమ్మకి సెప్పాకు." కిటికీ వైపు తిరిగాడు. అటే చూస్తూ అన్నాడు, "నువ్వు ఆట రాక ఓడిపోలా. తెలివి ఎక్కువై ఓడిపోయినావు. అది బోరు లారీ మీద తగ్గేది కాదు."

సోమవారం పొద్దున్నే లారీ మా ఇంటి ముందు ఆగి హారన్ కొట్టింది. నేను లేచేలోపే నాయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లాడు. ఇంజన్ చప్పుడులో అన్నదమ్ములు ఏమనుకున్నారో వినపడలేదు. చిన్నాయన ఒకసారి మా గుమ్మం వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. లారీ కదిరి వైపు వెళ్లిపోయింది.