పులుల పక్కన చోటు

బొమ్మ చేతికి వస్తే చాలు, సౌభాగ్యలక్ష్మి దాని ముఖం మీద ఒకసారి ఊదుతుంది, కొంగుతో తుడుస్తుంది, తర్వాతే మెట్టు మీద పెడుతుంది. గుంటూరు నుంచి శక్తినగర్ కరెంటు ప్లాంటు క్వార్టర్‌కు వచ్చిన ఇరవై రెండేళ్ళలో ఏ దసరాకూ ఇది తప్పలేదు.

బొమ్మల కొలువులో ఎవరి చోటు వారిది. పైన దేవుళ్ళు, కింద రాజులు, ఆ కింద పెళ్ళివారు, శెట్టి దంపతుల కొట్టు. నేల మీద అడవి: తడి ఇసుకలో మొలిచిన ఆవాలు, పులులు, ఆకులు కట్టుకుని ఈటెలు పట్టిన నల్లటి మనుషులు. వాళ్ళ పక్కన, ఎగ్జిబిషన్‌లో కొన్న లంబాడీ బొమ్మ.

పేరంటానికి పక్క క్వార్టర్ మహాదేవి వచ్చింది. ప్లాంటు ఆఫీసులో ఉద్యోగం, ముదగల్ దగ్గర తండాలో పుట్టింది. పదకొండేళ్ళుగా సాయంత్రం టీకి ఈ ఇంటికే వస్తుంది. వెంట తల్లి సోమ్లీబాయి, అద్దాలు కుట్టిన బట్టల్లో.

"అచ్చం మా బొమ్మలాగే ఉన్నారండీ. ఆ పక్కన కూర్చోండి, ఒక్క ఫోటో," అంది సౌభాగ్యలక్ష్మి.

ముసలామె నవ్వి నేల మీద కూర్చుంది. పులిని కాస్త జరిపింది. "వీళ్ళెవరు బిడ్డా, ఒంటి మీద గుడ్డ లేదు?"

"అడవి వాళ్ళండీ."

"ఏ అడివి?"

సౌభాగ్యలక్ష్మికి తెలియదు. సెట్టుగా కొన్నవి. 'అసలు బొమ్మే మా కొలువుకొచ్చింది' అని రాసి ఫోటోను కాలనీ ఆడవాళ్ళ గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపులోనే ఉన్న మహాదేవి ఫోను మోగింది. చూసుకుంది.

"శెట్టి బొమ్మకు గూడ మెట్టు దొరికింది అక్కా. మా అమ్మను పులుల పక్కన కూసోబెట్టినవు," అంది మెల్లగా. "లే అమ్మా, పోదం."

తాంబూలం పళ్ళెం పీట మీదే ఉండిపోయింది. గ్రూపులో అప్పటికే ఎనిమిది మంది నవ్వారు. సౌభాగ్యలక్ష్మి ఫోటోను గ్రూపులోంచి తీసేసింది. పదకొండేళ్ళలో ఆ తండా పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. లంబాడీ బొమ్మను పై మెట్టు ఎక్కిద్దామని చేతిలోకి తీసుకుంది. ఊదబోయి ఆగి, ఉన్నచోటే పెట్టేసింది. బొమ్మను ఎక్కిస్తే ఆ ముసలామెకు ఒరిగేదేముంది?

మర్నాడు ఉదయం పళ్ళెం పట్టుకుని పక్కింటి తలుపు కొట్టింది. సోమ్లీబాయి తీసింది. వెనక మహాదేవి.

"ఫోటో మంచిగొచ్చిందా బిడ్డా? చూపియ్యి."

"తీసేశానమ్మా. దాని కింద తప్పు రాశాను," అంది సౌభాగ్యలక్ష్మి. గడప బయటే నిలబడి, ఏం రాసిందో ఆ ముసలామెకు పొల్లుపోకుండా చెప్పింది.