బావ బిగించిన బోల్టులు

చర్చి మెట్ల మీద నిలబడి ఇచ్చిన మాట తప్పిన మనిషి పక్కనే, పోయిన వారం, మా అక్కను సమాధి చేశారు. ఆ మనిషి ఆమె భర్త, మా బావ. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పక్కన జాగా అప్పుడే ఉంచారట. ఆమెను అడిగి ఉంచారో లేదో నాకు తెలియదు.

తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. మేడ్చల్ ఆసుపత్రిలో నిద్రలోనే పోయిందన్నారు. కౌకూర్ నుంచి నేను వెళ్లేసరికి తెల్లచీర కట్టి, చేతులు గుండెల మీద పెట్టి పడుకోబెట్టారు. కుడి మణికట్టు ఎముక ఎప్పటిలాగే పైకి లేచి ఉంది. చూపుడువేలి గోటి కింద నల్లటి గీత. ఇనుముతో పనిచేసిన వాళ్ల వేళ్లకు ఉంటుంది, ఎంత కడిగినా పోదు. ఎవరో చుట్టాలావిడ తడిగుడ్డతో దాన్ని రుద్దబోతుంటే వద్దన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

మూడో రోజు చర్చిలో ఆదరణ కూడిక, అంటే సంతాప సభ, పెట్టారు. సంఘపెద్ద మైకు పట్టుకుని అక్క గురించి రెండు ముక్కలు చెప్పి, మిగతా అంతా బావ గురించే మాట్లాడాడు. చెయ్యి పట్టి లేత్ పని నేర్పిన భర్తను దేవుడు ఆమెకు ఇచ్చాడట. ఆయన పోయాక కూడా ఆయన చెయ్యే ఆమె చేతిలో ఉండి పని చేసిందట. జనం ఆమెన్ అన్నారు. నేను లేచి మైకు అడిగాను. టైము లేదన్నారు, భోజనాలు చల్లారిపోతున్నాయన్నారు. నేను బ్రాంచి లైబ్రరీలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. మైకు దొరకని వాళ్లు ఏం చేస్తారో అక్కడి పుస్తకాల్లో చదువుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

తొంభైల మొదట్లో బావ ఫ్యాక్టరీ పని మానేసి, మేడ్చల్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి, ఒక చిన్న పాత లేత్ మిషన్ పెట్టాడు. శామీర్‌పేట చుట్టూ కోళ్ల ఫారాలు. అక్కడ మేత రుబ్బే మిషన్లలో ఇరుసులకు తొడిగే బుష్‌లూ పిన్నులూ ఎప్పుడూ అరిగిపోతూనే ఉండేవి. అవన్నీ బావ దగ్గరికే వచ్చేవి. పని నేర్పింది ఆయనే. అది నిజం, కాదనను. కానీ రెండో ఏడు తిరిగేసరికి మిషన్ ముందు నిలబడేది అక్క. ఆయన బయట బెంచీ మీద కూర్చుని గిరాకీలతో మాట్లాడేవాడు. మాట తీపి. ఆదివారం పాటల్లో అందరికంటే ముందు లేచే గొంతు ఆయనదే. ఎవరైనా బుష్ చూసి "మస్తు జేసినవన్నా" అంటే చిన్నగా నవ్వేవాడు. "లోపల మా ఇంటామె జర ఆసరైతది" అనేవాడు. ఆ మాట నా చెవులతో విన్నాను, ఒకసారి కాదు.

ఈ పని తెలియని వారికి ఒక సంగతి చెప్పాలి. లేత్ మీద గిర్రున తిరిగే ఇనుమును కోసే పనిముట్టును టూల్ అంటారు. దాన్ని టూల్ పోస్ట్ అనే దిమ్మెలో బిగిస్తారు. పాత రకం దిమ్మెకు పైన వరసగా బోల్టులుంటాయి. టూల్ మొన సరిగ్గా ఇనుము నడిమికి రావాలి, కొంచెం పైకున్నా కిందికున్నా కోత చెడుతుంది. అందుకని టూల్ కింద విరిగిన హాక్సా బ్లేడు ముక్కలు పేర్చి, ఎత్తు సరిచూసి, పానాతో బోల్టులు బిగించాలి. టూల్ మొద్దుబారిన ప్రతిసారీ వాటిని విప్పాలి, మళ్లీ పేర్చాలి, మళ్లీ బిగించాలి.

ఆ బిగింపు మాత్రం బావ ఎవరికీ వదల్లేదు. పొద్దున్నే వచ్చి, ముక్కలు పేర్చి, ఒక కన్ను మూసి చూసి, ఒంట్లో బలమంతా పెట్టి బిగించేవాడు. తర్వాత పానా జేబులో వేసుకుని ఊరి మీద పడేవాడు. టూల్ మొద్దుబారితే, ఇంకో పానా తెచ్చినా ఆ బిగింపు తన చేతికి లొంగదు కనుక, అక్క మిషన్ ఆపి కూర్చునేది. లైబ్రరీ మూసి నేను అటు వెళ్లినప్పుడల్లా అదే చూసేవాణ్ణి. ఇనుమును పట్టి తిప్పే చక్‌లో సగం కోసిన బుష్, స్టూలు మీద అక్క, చూపు గుమ్మం వైపు.

"ఏందక్కా, కరెంటు లేదా?" అన్నాను ఒకసారి.

"కరెంటున్నది. మీ బావ లేడు."

మా లైబ్రరీకి అప్పట్లో ఒక విదేశీ పత్రిక వచ్చేది, యంత్రాల గురించి. చదివేవాడు లేడు, నేను తప్ప. అందులో కొత్త రకం టూల్ పోస్ట్ బొమ్మ కనిపించింది. క్విక్ చేంజ్ అంటారు. టూల్‌ను చిన్న హోల్డర్‌లో పెట్టి, ఎత్తును ఒక మరతో ఒక్కసారి సర్దుకుంటే చాలు. ఆ తర్వాత హోల్డర్‌ను దిమ్మెకు తగిలించి లివర్ తిప్పడమే. బ్లేడు ముక్కలు అక్కర్లేదు, పానా అక్కర్లేదు. పత్రికను సంచిలో పెట్టుకుపోయి అక్కకు చూపించాను. ఆమె ఆ బొమ్మను చాలాసేపు చూసి, లివర్ మీద వేలు పెట్టి, "గిదొక్కటి తిప్పితె సాలా, తమ్మీ?" అంది.

బావ కూడా చూశాడు. నవ్వాడు. "గిది బద్ధకపోళ్ల సామాను, బామ్మర్దీ. చెయ్యి కుదిరినోడికి గిదెందుకు?"

ఎవరి చెయ్యి అని అప్పుడే అడిగి ఉంటే మాట అక్కడే తేలిపోయేది. ఇప్పుడు అడుగుతున్నాను.

ఆ ఏడు ఈస్టర్ ఆరాధనకు అక్క మణికట్టుకు పట్టీ కట్టుకుని వచ్చింది. రోజంతా మిషన్ చక్రాలు తిప్పీ తిప్పీ వాచింది. బయటికి వస్తుంటే మెట్ల మీద ఆడవాళ్లు ఏమైందని చుట్టూ మూగారు. బావకు నలుగురిలో మంచి పేరు పోగొట్టుకోవడం ఇష్టముండదు. అందరూ వినేలా అన్నాడు: "ఫారాల పెద్ద పని చేతిలున్నది. గది అయిపోంగనె ఆ కొత్త పోస్టు తెచ్చిపెడత. ఇగ నువ్వు పరేషాన్ గాకు." ఆడవాళ్లు అక్క అదృష్టాన్ని మెచ్చుకుంటూ వెళ్లారు.

ఫారాల పని అయిపోయింది. అక్కే చేసింది, పట్టీ కట్టుకునే చేసింది. బావ మోటార్ సైకిల్ కొన్నాడు. పోస్టు ఏదని నేను అడిగితే, బండి ఉంటే రాణిగంజ్ బజారుకు పోవడం సులువు కదా, తెద్దామన్నాడు. ఆ బండి రాణిగంజ్ తప్ప అన్ని చోట్లకూ వెళ్లింది. అంతవరకు జేబులో తిరిగిన పానా బండి పక్క డబ్బాలోకి మారింది. అంతే జరిగిన మార్పు.

"మర్సిపోతడురా, ఆయనకు యాదుండది" అనేది అక్క. జేబులో దువ్వెనను ఒక్కనాడూ మరిచిపోని మనిషికి పానా షెడ్డులో పెట్టిపోవడం గుర్తుండదట. అలా ఏళ్లు గడిచాయి.

రెండు వేలు దాటిన కొత్తలో, సుచిత్ర చౌరస్తా దగ్గర హోటల్లో చాయ్ తాగుతూ బావ కూలిపోయాడు. గుండె. సమాధుల తోటలో జనం పట్టలేదు. అంత మంచి పేరు.

వారం తిరిగాక అక్క షెడ్డు తలుపు తీసింది. బావ పోయిననాటి బుష్ ఇంకా చక్‌లో ఉంది. ఫారం వాళ్లకు ఆ పని ఆ నెలలో ఇస్తానని మాటిచ్చింది. ఇవ్వకపోతే వాళ్లు ఇంకో షాపు చూసుకుంటారు. వాళ్ల లెక్కలో చేసేవాడు పోయాడు కనుక ఇప్పటికే చూసుకుంటున్నారు కూడా. టూల్ మొద్దుబారి ఉంది. అక్క బండి డబ్బాలోంచి పానా తీసింది. బోల్టులు కదల్లేదు. పానాకు పొడుగు పైపు తొడిగి, ఒళ్లంతా దాని మీద వేసి తిప్పితే రెండు వచ్చాయి. మూడోదాని తల తెగిపోయింది.

సరిగ్గా ఆ సాయంత్రమే సంఘపెద్ద పరామర్శకు వచ్చాడు. తెగిన బోల్టు చూసి తల ఊపాడు. మిషన్ అమ్మేద్దామనీ, సంఘం తరఫున కుట్టుమిషన్ ఇప్పిస్తాననీ అన్నాడు. మనసులో చెడు లేదు, అది నాకు తెలుసు. ఆడమనిషివి, కూర్చుని చేసుకునే పనైతే నయం కదా అన్నాడు.

"కూసునుడు మస్తయింది అన్నా" అంది అక్క. "ఇగ నిలబడత."

మర్నాడు మేమిద్దరం బస్సులో రాణిగంజ్ వెళ్లాం. చర్చికి తీసుకెళ్లే సంచిలో అక్క ఒక వెల్డింగ్ రాడ్ ముక్క పెట్టుకుంది. మిషన్ మీద దిమ్మె కూర్చునే చోటు నుంచి ఇనుము నడిమి దాకా ఎంత ఎత్తో, సరిగ్గా అంత కోసిన ముక్క. షాపు సేటు నన్ను చూసి కుర్చీ వేశాడు. ఏం మిషన్ సార్ అన్నాడు. ఆమెను అడగమన్నాను. కుట్టుమిషన్ సామాన్లు పక్క గల్లీలో దొరుకుతాయని నాకే చెప్పాడు. ఊరంతా కలిసి ఆమెను కుట్టుమిషన్ ముందు కూర్చోబెట్టాలని చూస్తున్నట్టు అనిపించింది.

సేటు మొదట చూపించింది చాలా పెద్దది, తళతళలాడేది. పెద్దదైతే గట్టిదన్నాడు. అక్క హోల్డర్‌ను అడుగు దాకా దించి, పక్కన రాడ్ ముక్క నిలబెట్టింది. టూల్ మొన ముక్క కొనకు ఇంకా పైనే ఆగిపోయింది.

"గీడికి దిగాలె. దిగుతలేదు."

"అమ్మా, నీ మిషన్ మీద కూసునే జాగను జర కోపియ్యి. సెట్టయితది."

"నీ సామాను కోసం నా మిషన్ కోసుకోవాల్నా, సేటూ? మంచిగున్నది."

చిన్న సైజులో రెండు రకాలు తీశాడు. ఒకదానిలో లివర్ తిప్పితే లోపలి గుండు బయటికి వచ్చి హోల్డర్‌ను నెట్టి పట్టుకుంటుంది. దాంతో ఐదు హోల్డర్లు. రెండోదానిలో ఏటవాలు చీల లాంటి ముక్క జారి, హోల్డర్‌ను లోపలికి లాగి పట్టుకుంటుంది. దాంతో రెండే. ఐదు వచ్చేదే తీసుకుందామని నేను గొణిగాను. అక్క నన్ను పట్టించుకోలేదు. రెండు దిమ్మెలనూ సేటు వైపు జరిపింది.

"నీ బలమంత వెట్టి బిగియ్యి."

సేటు భారీ మనిషి. పళ్లు బిగబట్టి మొదటిదాన్ని బిగించాడు. అక్క మణికట్టు ఎముక లేచిన ఆ చేత్తోనే లివర్ పట్టుకుంది. కదల్లేదు. ఇంకోసారి లాగి చూసి, వదిలేసింది. రెండోదాన్ని బిగించమంది. బిగించాడు. అక్క లివర్ లాగింది. వచ్చేసింది. హోల్డర్ ఆమె అరచేతిలోకి జారింది. మళ్లీ బిగించమంది. మళ్లీ విప్పింది. షాపులో పనిచేసేవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. మూడోసారి సేటే నవ్వేశాడు.

"గిదియ్యి" అంది.

అలా ఎంచుకుంది మా అక్క. గట్టిగా పట్టుకునేదాన్ని అందరూ ఎంచుకుంటారు. ఆమె మాత్రం ఎవరు బిగించినా తన చేతికి విడిచేదాన్ని ఎంచుకుంది. ఎందుకో ఆ కూడికలో ఒక్కరికీ తెలియదు.

తిరిగి వచ్చే బస్సులో దిమ్మెను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, సీటు కిందికి పెట్టనివ్వలేదు. అడుగున మిషన్ గాడిలో దూరే ఇనుప ముక్క లావుగా ఉంటే, ఆకురాయితో రెండు రోజులు అరగదీసి సరిపెట్టింది. ఫారం పని ఆ నెలలోనే ఇచ్చింది. తీసుకుపోవడానికి వచ్చిన మేనేజరు బుష్‌ను వేళ్ల మధ్య తిప్పి చూసి, "అన్న పోయినంక గూడ గదే పని. ఎవర్ని వెట్టుకున్నవక్కా?" అన్నాడు.

"ఎవర్ని వెట్టుకోలే. అప్పుడు జేసినామెనే."

ఆ తర్వాత చాలా ఏళ్లు, ఆ రోడ్డు వెడల్పయి, చుట్టూ పొలాలు ప్లాట్లయిపోయినా, ఆ షెడ్డులో మిషన్ ఆగలేదు. నాతో దెబ్బలాడేది. నీ పుస్తకాలకు దుమ్ము పడుతుంది, నా మిషన్‌కు పట్టదు అని వెక్కిరించేది. గిరాకీ ఎంత తొందరపెట్టినా చాయ్ చల్లారనిచ్చేది కాదు. "మిషన్‌కు మనమీద కోపముండది, మనమే మన కోపం దానిమీద వెడతం" అనేది. సాయంత్రం తలుపు వేసే ముందు ఒక పని ఏనాడూ తప్పలేదు. లివర్ వదులు చేసి పెట్టేది. పొద్దున ఎవరొచ్చినా కష్టపడకుండా విప్పుకోవాలట. ఎవరొస్తారక్కా అంటే, ఎవరో ఒకరు అనేది.

ఆసుపత్రిలో ఆఖరిసారి మాట్లాడినప్పుడు బావ మాట ఆమే ఎత్తింది.

"పానా మర్సిపోయి పట్కపోలేరా ఆయన. నాకు తెల్సు."

ఇన్నేళ్లూ నాతో కాదన్న మాట అది. మరెందుకు ఊరుకున్నావన్నాను.

"గది గూడ నా చేతికిస్తె ఆయనకింకేం పనుంటుండె? బయట కూసునుడే. భయపడ్డడు." నా చెయ్యి పట్టుకుంది. "ఇగ తప్పు వట్టకు తమ్మీ."

ఆమె అడగడం ఆమె మంచితనం. భయపడ్డ మనిషి మీద జాలిపడటం నాకూ తెలుసు. కానీ తన భయం పోగొట్టుకోవడానికి ఇంకొకరి చేతులు అన్నేళ్లు ఖాళీగా కూర్చోబెట్టినవాడి మీద కాదు. కుట్టుమిషన్ ఇస్తానన్నవాడిని ఎప్పుడో మరిచిపోయాను. మైకు ఇవ్వనివాళ్లనూ రేపోమాపో మరిచిపోతాను.

కూడిక నుంచి తిన్నగా షెడ్డుకు వెళ్లాను. తలుపు తీస్తే నూనె వాసన, చక్ కింద వెండి రంగు ఇనుప చుట్టలు. ఆసుపత్రికి వెళ్లే రోజు కూడా పని చేసినట్టుంది. లివర్ వదులుగానే ఉంది. వేలితో తాకితే హోల్డర్ నా చేతిలోకి వచ్చేసింది, ఏమాత్రం బలం పెట్టనక్కర్లేకుండా. గోడకు ఆనించి పాత దిమ్మె ఉంది, తెగిన బోల్టు ఇంకా అందులోనే. ఆ ముక్కను వేళ్లతో తిప్పి చూశాను. ఇన్నేళ్లయినా కదల్లేదు. దాన్ని అలా బిగించి పోయింది మా బావ. అక్క వద్దన్నా, సంఘమంతా ఆమెన్ అన్నా, నేను తప్పుపట్టేది ఆయన్నే, మా బావనే.